జనరేటర్ న్యూట్రల్‌ని ఎర్త్‌తో ఎక్కడ కలపాలి? (పర్లాకిమిడి, 25 కేవీఏ, కల్యాణ మండపం)

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. పర్లాకిమిడి శివార్లలో ఒక కల్యాణ మండపం వైరింగ్ సరిచేయాలి. ఉన్నదున్నట్టు రాస్తాను. త్రీ ఫేజ్ సర్వీసు. మీటరు తర్వాత 63 ఆంప్స్ ఫోర్ పోల్ ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌కి లీకైతే సప్లై తెంచే స్విచ్), 100 మిల్లీ ఆంప్స్‌ది. దాని తర్వాత చేంజోవర్ స్విచ్ (లైను కరెంటు నుంచి జనరేటర్‌కి మార్చేది), ఆ తర్వాత డీబీ (డిస్ట్రిబ్యూషన్ బోర్డు). జనరేటర్ 25 కేవీఏ సైలెంట్ సెట్. చేంజోవర్ మూడు ఫేజులనే మారుస్తుంది. కరెంటు న్యూట్రల్, జనరేటర్ న్యూట్రల్ రెండూ ఒకే లింకు మీద బిగించి ఉన్నాయి. జనరేటర్ దగ్గర నాలుగు ఎర్త్ గోతులున్నాయి, రెండు బాడీకి, రెండు న్యూట్రల్‌కి. ఆ రెండు జతలకీ మధ్య ఏ తీగా లేదు.

ఇబ్బంది ఏటంటే, కరెంటు మీద ఆర్‌సీసీబీ నిలవట్లేదు. లైట్లు మాత్రమే ఉంటే కాసేపు ఉంటాది, ఏసీలు వేస్తే పడిపోతాది. దాన్ని బైపాస్ చేసి ఏసీలన్నీ వేసి చూస్తే, జనరేటర్ ఆగి ఉన్నా దాని న్యూట్రల్ ఎర్త్ పట్టీ మీద క్లాంప్ మీటర్ 3.2 ఆంప్స్ చూపించింది. జనరేటర్ మీద నడిపితే మాత్రం ఏదీ పడదు. ఆర్‌సీసీబీయే తీసీమని యజమాని పట్టుబడుతున్నారు. ఏం చేయమంటారు?

ఎయిట్‌గేజ్ (బరంపురం)

తీయకండి. ఆ ఇన్‌స్టలేషన్‌లో సక్రమంగా పనిచేస్తున్నది ఆ ఆర్‌సీసీబీ ఒక్కటే.

ఆర్‌సీసీబీ లోపలి రింగు మూడు ఫేజులనీ న్యూట్రల్‌నీ కలిపి చూస్తుంది. వెళ్లిందంతా ఆ నాలుగు తీగల్లోనే తిరిగొస్తే మొత్తం సున్నా. మీ మండపంలో న్యూట్రల్ కరెంటుకి రెండు దారులున్నాయి. ఒకటి సర్వీసు న్యూట్రల్. రెండోది చేంజోవర్ లింకు మీదుగా జనరేటర్‌కి పోయి, అక్కడి గోతిలోంచి మట్టిలో దిగి ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్‌కి చేరేది. మీరు చూసిన 3.2 ఆంప్స్ ఆ రెండో దారిదే. అది ఆర్‌సీసీబీలోంచి తిరిగి రాదు కాబట్టి పడిపోతుంది. మీ లోడు పూర్తిగా తీసేసినా అప్పుడప్పుడు పడొచ్చు. ఇరుగుపొరుగు లోడు మూడు ఫేజుల మీద సమంగా లేకపోతే లైను న్యూట్రల్ మీదే కొన్ని వోల్టులుంటాయి. అవి మీ గోతిలోకి కరెంటు తోస్తాయి.

జనరేటర్ మీద ఏదీ పడదన్నారు. అక్కడ అంతా బాగుందనుకోవద్దు, జనరేటర్ మీద నడిచేటప్పుడు ఆర్‌సీసీబీ దారిలోనే లేదు. పెళ్లి రోజున కరెంటు పోయి, తడి చేతులతో వంటవాళ్లు గ్రైండర్ పట్టుకునే సమయానికి మండపంలో లీకేజీ రక్షణే ఉండదు.

మార్పులు రెండు. చేంజోవర్ ఫోర్ పోల్ పెట్టి న్యూట్రల్‌ని కూడా మార్చాలి. ఆర్‌సీసీబీని చేంజోవర్ తర్వాత, డీబీకి ముందు పెట్టాలి. అప్పుడు రెండు సప్లైలకీ అదే కాపలా.

నాగావళి (రాయగడ)

ఒక సందేహం గురువుగారూ. ఫోర్ పోల్‌కి డబ్బు పెట్టే బదులు, జనరేటర్ దగ్గర న్యూట్రల్ ఎర్త్ పట్టీ విప్పేస్తే సరిపోదా? న్యూట్రల్ ఎలాగూ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎర్త్ అయ్యే ఉంది. మా రాయగడ వైపు చాలాచోట్ల అలాగే నడుస్తున్నాయి.

ఎయిట్‌గేజ్ (బరంపురం)

కాగితం మీద సరిపోతుంది. న్యూట్రల్ మారకుండా ఉంటే జనరేటర్ దగ్గర ఎర్త్ చేయకూడదు, మారితే చేసి తీరాలి. లెక్క అంతవరకే. కానీ మన ప్రాంతంలో జనరేటర్ ఎప్పుడు నడుస్తుందో ఆలోచించండి. 2013లో ఫైలిన్ తుపాను గోపాలపురం (గోపాల్‌పూర్) దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లా మీదుగా పోయింది. అలాంటప్పుడు స్తంభాలు కూలి సర్వీసు వైరు తెగుతుంది. తెగిందంటే మీ జనరేటర్ న్యూట్రల్‌కి ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్‌తో సంబంధమే పోయింది, అది గాల్లో ఉన్నట్టే. జనరేటర్ రోజుల తరబడి నడిచే సమయంలోనే దాని ఎర్తింగ్ ఉండదు. పైగా లింకు మీదున్న న్యూట్రల్ మీ మండపం నుంచి లైన్లోకి పోతుంది. లోపల ఫాల్టు వస్తే, తెగిన లైను బాగుచేస్తున్న లైన్‌మన్ చేతిలోకి ఆ వోల్టేజీ చేరుతుంది. 63 ఆంప్స్ ఫోర్ పోల్ ధర చూసి దీన్ని వదలొద్దు.

ఆకుపచ్చ ఎర్త్ తీగ మాత్రం ఏ స్విచ్‌లోంచీ పోకూడదు. రెండు సప్లైలకీ అది ఎప్పుడూ కలిసే ఉండాలి.

వైండింగ్‌షాపు (జయపురం)

ఫోర్ పోల్ కొనేటప్పుడు ఒక మాట. న్యూట్రల్ కాంటాక్టు ఫేజుల కంటే ముందు కలవాలి, విడిపోయేటప్పుడు చివర విడిపోవాలి. కొనే ముందు హ్యాండిల్ మెల్లగా తిప్పుతూ మల్టీమీటర్ బజర్‌తో నాలుగు పోల్స్ చూసుకోండి. న్యూట్రల్ ఆలస్యంగా కలిస్తే ఆ క్షణంలో సింగిల్ ఫేజ్ సామానంతా రెండు ఫేజుల మధ్య సిరీస్‌లో పడుతుంది. తక్కువ లోడున్న ఫేజు మీద వోల్టేజీ 400 దాకా ఎగబాకుతుంది. ముందు పోయేవి ఎల్‌ఈడీ డ్రైవర్లు, ఫ్రిజ్ బోర్డులు.

న్యూట్రల్ పోల్ కాంటాక్టు నల్లబడినా, లగ్గు (తీగ చివర బిగించే ముక్క) వదులైనా ఫలితం అదే. ఆరు నెలలకోసారి లోడు మీద నాలుగు టెర్మినల్స్ వేడి చూడండి. ఫేజుల కంటే న్యూట్రల్ వేడిగా ఉంటే అదే రోజు విప్పి శుభ్రం చేసి బిగించాలి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

ఫోర్ పోల్ అర్థమైంది. మరి నాలుగు గోతుల సంగతి? బాడీ గోతులూ న్యూట్రల్ గోతులూ విడివిడిగానే ఉండాలని, కలిపితే బాడీకి కరెంటు వస్తుందని ఇక్కడి వైర్‌మన్ గట్టిగా చెబుతున్నారు.

ఎయిట్‌గేజ్ (బరంపురం)

విడిగా తవ్వడం సరైనదే. విడిగా వదిలేయడమే తప్పు. ఈ అపోహ వల్ల ఎన్ని సెట్లు రక్షణ లేకుండా నడుస్తున్నాయో తలచుకుంటే బాధేస్తుంది.

లెక్క చూడండి. జనరేటర్ టెర్మినల్ బాక్సులో ఫేజు తీగ ఇన్సులేషన్ నలిగి కానోపీకి (జనరేటర్ చుట్టూ ఉన్న ఇనుప పెట్టెకి) తగిలింది. బాడీ గొయ్యి 3 ఓమ్‌లు, న్యూట్రల్ గొయ్యి 3 ఓమ్‌లు అనుకుందాం, రెండూ మంచి రీడింగులే. కరెంటు బాడీ గోతిలో దిగి, మట్టిలో నడిచి, న్యూట్రల్ గోతిలోంచి పైకి రావాలి. 230ని 6తో భాగిస్తే 38 ఆంప్స్. 63 ఆంప్స్ బ్రేకర్‌కి అది మామూలు లోడే, ఎప్పటికీ పడదు. సగం వోల్టేజీ, అంటే 115 వోల్టులు, కానోపీ మీద నిలిచి ఉంటుంది. తలుపు తీసి డీజిల్ పోసే మనిషి దాన్నే పట్టుకుంటాడు. ఈ ఫాల్టు ఆర్‌సీసీబీకి ముందే ఉంది కాబట్టి అదీ కాపాడదు.

అందుకే న్యూట్రల్ బస్‌బార్‌కీ (తీగలన్నీ బిగించే లోహపు పట్టీకీ) బాడీ ఎర్త్ బస్‌బార్‌కీ మధ్య లోహంతో ఒక లింకు ఉండాలి. 25×3 మిల్లీమీటర్ల రాగి పట్టీ ముక్క, రెండు చివరలా బోల్టు, జనరేటర్ అవుట్‌పుట్ ప్యానెల్‌లో. అదే ఒక్క లింకు. మళ్లీ చేంజోవర్ దగ్గర, డీబీలో, ఇంకెక్కడా న్యూట్రల్, ఎర్త్ కలవకూడదు. బోల్టుతో ఎందుకంటే, టెస్టింగ్‌కి విప్పగలగాలి.

"కలిపితే బాడీకి కరెంటు వస్తుంది" అన్నది ఒకటి కంటే ఎక్కువ చోట్ల కలిపినప్పుడు నిజం. అప్పుడు న్యూట్రల్ కరెంటులో కొంత ఎర్త్ తీగలో, కానోపీలో, వాటర్ పైపుల్లో నడుస్తుంది. ఒక్కచోటే కలిపితే మామూలు సమయంలో లింకులో కరెంటు ఉండదు.

వైండింగ్‌షాపు (జయపురం)

లింకు పెట్టాక కూడా బ్రేకర్ పడుతుందని గుడ్డిగా నమ్మొద్దు. 25 కేవీఏ సెట్ ఫుల్ లోడ్ కరెంటు సుమారు 35 ఆంప్స్. షార్ట్ అయితే మొదటి కొన్ని సైకిల్స్ గట్టిగా ఇస్తుంది, తర్వాత తగ్గిపోతుంది. షార్ట్‌లో ఎక్సైటేషన్ (ఆల్టర్నేటర్ అయస్కాంతానికి అందే కరెంటు) నిలబెట్టే ఏర్పాటున్న ఆల్టర్నేటర్ అయితే దాదాపు మూడు రెట్లు, అంటే 100 ఆంప్స్ పైచిలుకు, కాసేపు ఇవ్వగలదు. అది లేని వాటిలో వోల్టేజీయే కూలిపోతుంది. సీ కర్వ్ 63 ఆంప్స్ ఎంసీబీ తక్షణం పడాలంటే 315 నుంచి 630 ఆంప్స్ కావాలి. ఆ సెట్ దాన్ని నిలబెట్టి ఇవ్వలేదు. జనరేటర్ వైపు 40 ఆంప్స్ బీ కర్వ్ (తక్కువ కరెంటుకే తక్షణం పడే రకం) పెడితే 120 నుంచి 200 మధ్య పడుతుంది, కొంత నయం. ఎర్త్ ఫాల్ట్ రిలే పెట్టి, దాని సీటీని (కరెంటుని పసిగట్టే రింగుని) న్యూట్రల్-ఎర్త్ లింకు మీద తొడిగి, షంట్ ట్రిప్‌తో (రిలే చెప్పగానే బ్రేకర్‌ని దించే కాయిల్‌తో) బ్రేకర్‌ని పడగొట్టడం అన్నిటికంటే నయం. కానోపీ లోపలి ఫాల్టుని కూడా అదే కనిపెడుతుంది.

ప్రాణహిత (సిరొంచ)

గడ్చిరోలి జిల్లా సిరొంచ నుంచి. మా దిక్కు పెద్ద సెట్లు తక్కువ, 3 కేవీఏ పెట్రోల్ జనరేటర్లే దుకాణాలల్ల, ఇండ్లల్ల ఉంటయి. సింగిల్ ఫేజ్, టూ పోల్ చేంజోవర్. జనరేటర్ నడిచేటప్పుడు టెస్టర్ పెడితే రెండు తీగల మీదా మసకగా వెలుగుతది. ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కితే పడుతున్నది. ఇగ అంతా మంచిగనే ఉన్నట్టా?

ఎయిట్‌గేజ్ (బరంపురం)

మంచిగా లేదు అన్నా. రెండు వైపులా మసక వెలుగు అంటే చాలావరకు న్యూట్రల్ ఎక్కడా కలవని సెట్, దాన్నే ఫ్లోటింగ్ అంటాం. అందులో ఫేజు బాడీకి తగిలినా తిరిగెళ్లడానికి దారి లేదు, ఆర్‌సీసీబీకి తేడా కనపడదు. మొదటి ఫాల్టు ఎవరికీ తెలియకుండా నిలిచిపోతుంది. రెండో ఫాల్టు రెండో తీగ మీద వచ్చినప్పుడు మధ్యలో ఉన్న మనిషికి పూర్తి 230 తగులుతుంది.

టెస్ట్ బటన్ ఎర్త్‌ని అసలు వాడదు. లోపల ఒక రెసిస్టర్‌తో రింగుకి ఇవతలి ఫేజు నుంచి అవతలి న్యూట్రల్‌కి కాస్త కరెంటు పంపుతుంది, అంతే. ఎర్త్ తీగే లేని ఇంట్లో కూడా అది పడుతుంది.

న్యూట్రల్ కలిపే ముందు సెట్ రకం తేల్చుకోవాలి. లోడంతా తీసి, జనరేటర్ నడిపి, 15 వాట్ల ఫిలమెంట్ బల్బుని మూసిన హోల్డర్‌లో పెట్టి, ఒక టెర్మినల్‌కీ బాడీకీ మధ్య తగిలించండి. తర్వాత రెండో టెర్మినల్‌కి. రెండుసార్లూ వెలగకపోతే ఫ్లోటింగ్. ఒకసారి పూర్తిగా వెలిగి, రెండోసారి వెలగకపోతే అప్పటికే కలిపి ఉంది, మీరు మళ్లీ కలపక్కర్లేదు. రెండుసార్లూ సగం వెలుగుతో వెలిగితే వైండింగ్ మధ్య బిందువు బాడీకి కలిపి ఉంది. అలాంటి సెట్‌లో ఒక చివరని బాడీకి కలిపారంటే సగం వైండింగ్ షార్ట్ అయి కాలిపోతుంది. ఇన్వర్టర్ రకం పోర్టబుల్ సెట్ అయితే తయారీదారు మాన్యువల్‌లో అనుమతి ఉంటేనే ముట్టుకోండి.

ఫ్లోటింగ్ అని తేలితే, న్యూట్రల్‌గా వాడే టెర్మినల్ నుంచి బాడీ ఎర్త్ బోల్టుకి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, రెండు వైపులా లగ్గు. అదే బోల్టు నుంచి ఇంటి ఎర్త్ బార్‌కి ఇంకో తీగ. చేంజోవర్ తర్వాత 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ. మీ చేంజోవర్ టూ పోల్ కాబట్టి న్యూట్రల్ ఎలాగూ మారుతుంది, ఇంకేం అక్కర్లేదు.

ప్రాణహిత (సిరొంచ)

సమజైంది. ఇంకో పద్ధతి కూడా నడుస్తున్నది మా దగ్గర. రెండు దిక్కులా ప్లగ్గున్న తీగతోని జనరేటర్ కరెంటు గోడ సాకెట్ల పెడ్తున్రు, మెయిన్ ఆఫ్ చేసినమని చెప్పుకుంట.

వైండింగ్‌షాపు (జయపురం)

దయచేసి ఆ తీగని కోసి పారేయించండి. మెయిన్ ఆఫ్ చేయడం ఒక్కసారి మరిచిపోతే 230 వోల్టులు ట్రాన్స్‌ఫార్మర్‌కి వెనక నుంచి ఎక్కుతాయి. 11 కేవీ ట్రాన్స్‌ఫార్మర్ నిష్పత్తి దాదాపు 25 రెట్లు. దగ్గర్లోనే తీగ తెగి ఊరి లోడు లేకపోతే, చచ్చిపోయిందనుకున్న లైన్లో వేల వోల్టులు లేస్తాయి. ఊడిన ప్లగ్గు పిన్నుల మీదా కరెంటుంటుంది, పిల్లలున్న ఇంట్లో అదొక్కటే చాలు. చేంజోవర్ లేకుండా జనరేటర్ వద్దే వద్దు.

పంప్‌సెట్‌అన్న (దెగ్లూర్)

నాందేడ్ వైపు ఇంకోటి చూస్తుంటం. త్రీ ఫేజ్ ఇంటికి సింగిల్ ఫేజ్ జనరేటర్ పెట్టి, చేంజోవర్ల జనరేటర్ వైపు మూడు ఫేజులనీ లూప్ చేస్తరు. అప్పుడు మూడు ఫేజుల కరెంటు ఒకే దిశల న్యూట్రల్‌కి వస్తది. కరెంటు మీద ఉన్నప్పుడైతే ఒకదాన్నొకటి కొట్టేసుకునేవి, ఇక్కడ కూడుతయి. ఫేజుకి 12 ఆంప్స్ అయితే న్యూట్రల్ల 36. ఫేజు తీగంత సైజు, లేదా అంతకంటే సన్నది న్యూట్రల్‌కి వేసి ఉంటే కాలుతది. 5 కేవీఏ సెట్ 22 ఆంప్స్‌కి మించి ఇయ్యదు గనక అక్కడ 6 చదరపు మిల్లీమీటర్ల న్యూట్రల్ చాలు, పెద్ద సెట్ అయితే లెక్క కట్టాలె. త్రీ ఫేజ్ మోటరు ఉంటే దాని స్టార్టర్‌ని జనరేటర్ వైపుకి రాకుండ వేరు చెయ్యాలె.

మా దిక్కు ఎర్త్ గుంతల తిప్పలు కూడా చెప్త. నల్లరేగడిల వానకాలం రీడింగు మంచిగ వస్తది. ఎండకాలం నేల నెర్రెలు బారి, పైపుకీ మట్టికీ మధ్య వేలు పట్టేంత సందు పడుతది. రీడింగు ఏప్రిల్, మే నెలల్లనే తియ్యాలె. బొగ్గు, ఉప్పు బదులు బెంటొనైట్ (ఒక రకం బంకమట్టి) పోస్తే అది నీళ్లు పట్టి పైపుకి అంటుకుని ఉంటది.

నాగావళి (రాయగడ)

మాకు దానికి తలకిందులు. రాయగడ, కొరాపుట్ కొండల్లో నాలుగడుగుల లోపే రాయి తగులుతుంది, పైనంతా ఎర్ర మొరం. రెండున్నర మీటర్ల పైపు నిలువుగా దిగదు. అలాంటి చోట 25×6 జీఐ (జింకు పూత ఇనుము) పట్టీని అర మీటరు లోతు కాలవలో 15 మీటర్ల పొడవున పరిచి, చుట్టూ బెంటొనైట్ పోసి పూడిస్తే ఒక గొయ్యి కంటే మెరుగైన రీడింగు వస్తుంది. గోపాలపురం ఒడ్డున ఉన్నవాళ్లకి ఓమ్‌లు తక్కువే వస్తాయి గానీ ఉప్పుగాలికి జీఐ పట్టీ, బోల్టులు కొద్ది ఏళ్లకే పొడిపొడి అయిపోతాయి. అక్కడ రాగి వాడాలి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

మా గోతులకి వైర్‌మన్ వంద వాట్ల బల్బు పెట్టి చూపించారు, దివ్యంగా వెలిగింది. 5 ఓమ్‌ల లోపే ఉన్నట్టు కదా?

ఎయిట్‌గేజ్ (బరంపురం)

కాదండీ. వంద వాట్ల బల్బు వేడెక్కాక 529 ఓమ్‌లు. గొయ్యి 50 ఓమ్‌లున్నా కరెంటు 0.4 ఆంప్స్ మాత్రమే, గొయ్యి మీద పోయేది 20 వోల్టులు. బల్బుకి 210 దొరుకుతుంది, మీ కంటికి తేడా తెలియదు. 50 ఓమ్‌ల గొయ్యి దేనికీ చాలదు.

ఎర్త్ టెస్టర్ తెప్పించండి. ముందు కొలిచే గోతిని బస్‌బార్ నుంచి విప్పాలి. కరెంటు స్పైక్ 30 మీటర్ల దూరంలో, వోల్టేజీ స్పైక్ అదే గీత మీద 18.5 మీటర్ల దగ్గర. వోల్టేజీ స్పైక్‌ని 3 మీటర్లు ముందుకీ వెనక్కీ జరిపి మళ్లీ చూడండి. మూడు రీడింగులూ దగ్గరగా ఉంటేనే నమ్మాలి. నేల పొడిగా ఉంటే స్పైక్‌ల చుట్టూ నీళ్లు పోయండి.

కొత్తగా తవ్వాల్సి వస్తే, 40 మిల్లీమీటర్ల జీఐ పైపు, 2.5 మీటర్ల పొడవు, పైన జాలీ ఉన్న గరాటు, మూత ఉన్న ఇటుక గది. గొయ్యికీ గొయ్యికీ కనీసం 5 మీటర్లు, గోడ పునాదికి మీటరున్నర దూరం. దగ్గరగా తవ్వితే రెండు గోతులు ఒక గొయ్యిగానే పనిచేస్తాయి. న్యూట్రల్ నుంచి గోతికి వెళ్లే పట్టీ కానోపీకీ, ఇనుప ఫ్రేముకీ తగలకూడదు, ఇన్సులేటర్ల మీద తీసుకెళ్లండి. రాగి పట్టీ జీఐ పైపుని కలిసేచోట తగరం పూత ఉన్న లగ్గు వాడండి, లేకపోతే కీలు దగ్గర జీఐ తినేసుకుపోతుంది.

పంప్‌సెట్‌అన్న (దెగ్లూర్)

మండపం కదా, 100 మిల్లీ ఆంప్స్ ఒక్కటే చాలదు. వంటశాల, సాకెట్లు, డెకరేషన్ లైట్ల సర్క్యూట్లకి వేరేగ 30 మిల్లీ ఆంప్స్‌ది పెట్టుర్రి. ముందున్న 100 ది ఆలస్యంగ పడే ఎస్ రకం అయితే, ఒక సీరియల్ సెట్ లీకైతే ఆ సర్క్యూటే పోతది, మండపమంతా చీకటి కాదు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అవన్నీ పెట్టిస్తాను. పని అయ్యాక సరిగ్గా కుదిరిందో లేదో ఏ వరసలో చూడాలి?

ఎయిట్‌గేజ్ (బరంపురం)

రెండు సప్లైలూ ఆపి, డీబీ న్యూట్రల్ గోతుల నుంచి విడిపోయేలా ఆర్‌సీసీబీ కూడా ఆఫ్ చేసి, న్యూట్రల్-ఎర్త్ లింకు విప్పి, ఎలక్ట్రానిక్ సామాను ప్లగ్గులు తీసి, 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరుతో) డీబీలో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య చూడండి. ఒక మెగా ఓమ్ కంటే తక్కువుంటే ఏదో సర్క్యూట్‌లో న్యూట్రల్ ఎర్త్‌కి తగులుతోంది. న్యూట్రల్ తీగలు ఒక్కొక్కటీ విప్పుతూ పోతే ఏ సర్క్యూటో దొరుకుతుంది. పాత కట్టడాల్లో ఎక్కువగా ఇది బోర్ మోటరు స్టార్టర్‌లోనో, న్యూట్రల్ లేదని ఎర్త్ తీగనే న్యూట్రల్‌గా వాడిన బాత్రూం గీజర్‌లోనో ఉంటుంది.

అది శుభ్రమయ్యాక లింకు బిగించండి. చేంజోవర్ కరెంటు వైపు పెట్టి, ఏసీలన్నీ వేసి, జనరేటర్ న్యూట్రల్ పట్టీ మీద క్లాంప్ పెట్టండి. 3.2 ఉన్నచోట ఇప్పుడు సున్నా రావాలి. తర్వాత జనరేటర్ వైపు పెట్టి ఫేజు నుంచి ఎర్త్‌కి, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కి వోల్టేజీ చూడండి. మొదటిది 230 దగ్గర, రెండోది ఒకటి రెండు వోల్టులు.

చివరగా 40 వాట్ల ఫిలమెంట్ బల్బుని సాకెట్‌లో ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య పెట్టండి, 174 మిల్లీ ఆంప్స్ పోతుంది. ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు. ఆ సాకెట్ 30 మిల్లీ ఆంప్స్‌ది తక్షణం పడాలి. అది లేని సర్క్యూట్‌లో అయితే 100 ది పడాలి. కరెంటు మీద ఒకసారి, జనరేటర్ మీద ఒకసారి చేయండి. కరెంటు మీద పడి జనరేటర్ మీద పడకుండా బల్బు వెలగకుండా ఉంటే జనరేటర్ న్యూట్రల్ ఎర్త్‌కి ఎక్కడా కలవలేదు. బల్బు వెలుగుతూ ఉండిపోతే ఆర్‌సీసీబీ దారిలో లేదు, లేదా దాని తర్వాత ఎక్కడో న్యూట్రల్, ఎర్త్ కలిసి ఉన్నాయి. అప్పుడు మళ్లీ మెగ్గర్ దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

రాసుకున్నాను. యజమానికి ఆ 115 వోల్టుల లెక్క చూపిస్తే ఫోర్ పోల్‌కి ఒప్పుకున్నారు. లైసెన్స్ ఉన్న కాంట్రాక్టరుతో ఈ వారమే మొదలుపెడతాం. క్లాంప్ రీడింగు ఎంతొచ్చిందో ఇక్కడే పెడతాను.